పెదవి రంగు చీటీ: చెప్పునది, చెప్పనిది

ఆదోని మార్కెట్టు యార్డుకు వచ్చు ఆముదపు గింజలకును, ఎమ్మిగనూరు మగ్గములపై నేయు నూలుకు పట్టించు ఎర్ర రంగునకును ఏమి సంబంధము? పై చూపునకు ఏమియు లేదు. ఒకటి నూనె మిల్లుకు పోవును. మరియొకటి రంగుల తొట్టిలో ఉడుకును. ఐనను ఈ రెండు జాతుల పదార్థములును ఒకచోట కలియుచున్నవి. ఆ చోటు చిటికెన వ్రేలంత గొట్టము. అదియే పెదవి రంగు, అనగా లిప్‌స్టిక్.

ఈ వస్తువును గూర్చి మనలో రెండు విధములైన మాటలు ప్రచారములో ఉన్నవి. అమ్మువారు “సహజమైనది, మూలికలతో చేసినది, రసాయనములు లేనిది” అని పొగడుదురు. పెద్దలు “అంతయు విషమే” అని మందలింతురు. ఈ రెండు మాటలును వస్తువును పరిశీలింపకుండ చెప్పినవే. ఒక గ్రంథమును విమర్శింపదలచినవాడు ముందుగా దానిని చదువవలెను గదా! పెదవి రంగునకును చదువదగిన భాగమొకటి కలదు. అది పొట్లముపై ముద్రించిన పదార్థముల పట్టిక. ఆ పట్టిక ఏమి చెప్పుచున్నదో, ఏమి చెప్పక విడిచినదో చూచుటయే ఈ వ్యాసము ఉద్దేశము. తలనూనె, ముఖమునకు రాచుకొను పొడి వంటివి శరీరముపైనే నిలుచును. పెదవి రంగు అట్లుకాదు. మాటలాడునప్పుడు, తినునప్పుడు కొంత కొంతగా కడుపులోనికి పోవును. కనుక ఈ పట్టికను చదువుట అవసరము.

ఆముదమునకు మారుపేరు

పట్టికను చేతబట్టగానే కష్టపెట్టునది భాష. “రిసినస్ కమ్యూనిస్ సీడ్ ఆయిల్” అని మొదటనే కనబడును. ఇది మన ఆముదమే. “సెరా ఆల్బా” అనగా తెల్లబరచిన తేనెమైనము. “పెట్రోలాటం” అనగా వాసెలిన్. “పారఫినం లిక్విడం” అనగా ముడి చమురు నుండి తీసి శుద్ధిచేసిన నూనె. “లానోలిన్” అనగా గొర్రె ఉన్ని నుండి వేరుచేసిన జిడ్డు. ఒకే పదార్థమునకు ప్రపంచమంతట ఒకే పేరుండుట శాస్త్రమునకు మేలే. కాని ఆముదమును పండించి అమ్ముకొను రైతు ఇంటి పిల్ల తన పంట పేరునే అక్కడ గుర్తింపలేకపోవుచున్నది. ఇది పట్టికలోని మొదటి లోపము. దీనిని ఉపాధ్యాయుడు ఒక్క గంటలో తీర్చగలడు.

ఇన్ని నూనెలుండగా ఆముదమునే ఏల ఎన్నుకొనిరి? ఆదోని ప్రాంతములో వేరుసెనగ నూనెకు కొదువ లేదు, ప్రత్తిగింజల నూనెకును కొదువ లేదు. ఐనను అవి పనికిరాలేదు. ఆముదములోని కొవ్వు ఆమ్లములలో నూటికి 85 నుండి 90 వంతులు రిసినోలిక్ ఆమ్లము. దీని గొలుసులో 12వ కార్బన్ పరమాణువు నంటి ఒక హైడ్రాక్సిల్ సముదాయము ఉన్నది. వేరుసెనగ నూనెలోని ఓలియిక్, లినోలియిక్ ఆమ్లములకు ఇట్టి సముదాయము లేదు. ఈ హైడ్రాక్సిల్ సముదాయముల మూలమున ఆముదపు అణువులు ఒకదాని నొకటి హైడ్రోజన్ బంధములతో పట్టుకొనును. అందుచేతనే ఆముదము అంత చిక్కగా ఉండును. పెదవిపై పూసిన రంగు ప్రక్కలకు జారదు. ఇతర నూనెలలో కరగని కొన్ని రంగులు ఆముదములో కరుగుటకును ఇదియే కారణము. ప్రత్తిగింజల నూనెలో లినోలియిక్ ఆమ్లము అధికము. దానికి రెండు ద్విబంధములు ఉండుటచే గాలి సోకి త్వరగా ముక్కిపోవును.

ఆముదపు గింజలో రిసిన్ అను విషము ఉన్నది గదా అని కొందరు సందేహింతురు. నిజమే, కాని రిసిన్ ఒక మాంసకృత్తు. అది నూనెలో కరగదు, పిండిలోనే మిగిలిపోవును. శుద్ధిచేసిన నూనెలో దాని భయము లేదు.

నాలుగు వస్తువులు, నాలుగు కూర్పులు

అంగడిలో పెదవులకై అమ్మునవి అన్నియు ఒక్కటి కావు. వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తేడా స్పష్టమగును.

కడ్డీ రూపముననున్న లిప్‌స్టిక్‌లో సుమారు సగము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నూనెలు. ఐదవ వంతు మైనములు. పదవ వంతు రంగులు ఉండును. నూనె పూతకు, మైనము నిలుపునకు. తేనెమైనము 62 నుండి 64 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగును. బ్రెజిల్ దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి తీయు కార్నూబా మైనము 80 డిగ్రీలు దాటిన పిదపనే కరుగును. మే నెలలో 40 డిగ్రీలు దాటు ఆదోని ఎండలో అంగడి ముందర పెట్టిన కడ్డీ వంగిపోకుండ ఉండుటకు ఇట్టి గట్టి మైనము కొంత కలుపక తప్పదు.

లిప్ బామ్ అను లేపనములో రంగు స్వల్పము, లేక శూన్యము. వాసెలిన్, మైనము, ఏదో ఒక గింజ కొవ్వు, ఇంతియే. పెదవి చర్మము మిగిలిన చర్మము కన్న పలుచన. దానికి నూనె గ్రంథులు లేవనవచ్చును. కనుక చలిగాలికి నీరు త్వరగా ఇగిరి పెదవి పగులును. లేపనము ఆ నీటిని పోనీయకుండ మూతవలె కప్పును. మన ఇండ్లలో నేయి, వెన్న రాయుటలో ఉన్న సూత్రమును ఇదియే. నూరు రూపాయల లేపనము చేయు ముఖ్యమైన పని గిన్నెలోని నేయియు చాలవరకు చేయగలదు. అది కొంత త్వరగా ముక్కిపోవును, అంతే.

లిప్ గ్లాస్ అను మెరుపు ద్రవములో మైనము తగ్గి, పాలిబ్యూటీన్ వంటి జిగురు నూనెలు హెచ్చును. తడి ఆరకుండ, వెలుగును ప్రతిఫలింపజేయుట వాని పని. చివరిది, పూసిన పిదప ఆరి పొడిగా కనబడు ద్రవపు రంగు. దీని పట్టికలో ఐసోడోడెకేన్ అను పేరు మొదటనే ఉండును. అది త్వరగా ఆవిరియగు హైడ్రోకార్బన్. అది పోగానే సిలికోన్ జిగురు, రంగు కలిసి పలుచని పొరగా పెదవి నంటి నిలుచును. నీటికి సులభముగా పోదు. అది కడ్డీకన్న తక్కువ తినబడునని కొందరు మెచ్చుకొందురు. పెదవి ఎండిపోవునని మరికొందరు ఫిర్యాదు చేయుదురు. రెండును నిజమే.

సంఖ్యలను చదువుట

పట్టికలోని రంగుల పేర్లు సంఖ్యలుగా ఉండును. ముందు ‘సి.ఐ.’ అను రెండక్షరములు, తరువాత ఐదంకెలు. ఇవి చూచి భయపడనక్కరలేదు. రంగుల అంతర్జాతీయ సూచిలో అవి క్రమ సంఖ్యలు. అంకెలను బట్టియే జాతిని తెలిసికొనవచ్చును. 77 తో మొదలైనవి ఖనిజ వర్ణకములు. 77891 టైటానియం డయాక్సైడ్ అను తెలుపు. 77491 ఎర్రని ఐరన్ ఆక్సైడ్. మన ఇండ్ల గడపలకు పూయు జాజులోను, బళ్లారి కొండల ఎర్ర దుమ్ములోను ఉన్నది ఈ పదార్థమే. 75 తో మొదలైనవి జీవులనుండి తీసినవి. 75470 కార్మైన్ అను ఎరుపు. నాగజెముడు జాతి చెట్లపై బ్రతుకు కోచినీల్ అను చిన్న పురుగునుండి వచ్చును. 1780ల చివర డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ అను వైద్యుడు మద్రాసులో ఈ పురుగును పెంచవలెనని జెముడు తోటనే వేయించెను. శాకాహారులు, “సహజము” అను మాటకు సంతోషించుటకు ముందు ఈ సంఖ్యను చూచుకొనవలెను.

15850 అజో జాతికి చెందిన ఎరుపు. 45380, 45410 ఇయోసిన్ జాతివి. జాతరలలో పచ్చగా కనబడి పెదవిపై గులాబి రంగు తిరుగు కడ్డీలు అమ్ముదురు. “మనస్సును బట్టి రంగు మారును”, “కలబంద మహిమ” అని చెప్పుదురు. మనస్సుకును కలబందకును అందు పనిలేదు. మైనములో నీరు లేనప్పుడు ఈ ఇయోసిన్ జాతి రంగు వర్ణహీనముగా ఉండును; పెదవి తడి తగిలి, ఆమ్లత్వము మారగానే గులాబి రంగు పొందును. పసుపునకు సున్నము తగిలి పారాణి ఎర్రబడుటయు ఇట్టి మార్పే. పారాణిని చూచి మహిమ అనము; దీనినేల అనవలెను?

పట్టికలో రంగులకు ముందు కూడిక, తీసివేత గుర్తులు కలిపి వేయుదురు. దాని అర్థము “ఇవి ఉండవచ్చును, లేకపోవచ్చును” అని. ఒకే పేరుతో ఇరువది ఛాయలు అమ్మువారు అన్ని ఛాయల రంగులను ఒక్క పట్టికలోనే వేయుదురు. కనుక నీ చేతిలోని కడ్డీలో ఏ రంగు ఉన్నదో ఆ పట్టిక చెప్పదు. ముద్రణ ఖర్చు తగ్గునేమో గాని, చదువరికి ఇది అన్యాయము. సువాసన విషయములోను ఇంతే. అనేక పదార్థముల మిశ్రమము “పర్ఫ్యూమ్” అను ఒక్క మాట వెనుక దాగియుండును.

పటికయు, లక్కయు

నీటిలో కరుగు రంగును పెదవికి పూసినచో మొదటి గ్రుక్క నీటికే పోవును. ఈ చిక్కును తీర్చు విద్య మన అద్దకపువారికి పూర్వమునుండి తెలియును. కలంకారీలో గుడ్డను కరక్కాయ కషాయముతోను, పటికతోను పదనుచేసి, తరువాత చిరువేరుతో ఉడికింతురు. పటికలోని అల్యూమినియం, చిరువేరులోని ఎలిజరిన్ కలిసి నీటిలో కరగని ఎర్రని సమ్మేళనమగును. నూలుపై కాక పాత్రలోనే ఈ పని జరిపినచో రంగు అవక్షేపముగా క్రిందికి దిగును. దానిని ఆరబెట్టి పొడి చేయవచ్చును. ఇట్టి పొడిని ఇంగ్లీషులో ‘లేక్’ అందురు. ఆ మాట మన ‘లాక్షా’ అను సంస్కృత పదమునుండి, అనగా లక్క పేరునుండి పుట్టినదే. మన స్త్రీలు పాదములకు పూసికొనిన లత్తుక లక్క పురుగు రంగే. నేడు లిప్‌స్టిక్‌లోని ఎరుపులు పెక్కులు అల్యూమినియం లేక కాల్షియంతో బంధించిన ఇట్టి పొడులే.

మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘమువలన ఎమ్మిగనూరు పేరు నేతకు ప్రసిద్ధికెక్కినది. అటువంటి నేత ఊళ్లలో రంగులను ఎరిగినవారు ప్రతి వీధిలో ఉందురు. రసాయన శాస్త్ర ఉపాధ్యాయునకు ఇది గొప్ప అవకాశము. నూలు రంగుకును పెదవి రంగుకును తేడా ఏమని అడిగినచో మంచి పాఠము పుట్టును. జాతి ఒక్కటైనను శుద్ధిలో తేడా, అనుమతిలో తేడా. హానికరమైన అమైనులను విడువగల 70 అజో రంగులను మన ప్రభుత్వము 1997లో నిషేధించినది. అజో అన్నంత మాత్రమున దోషము కాదు. ఏ అజో, విరిగినప్పుడు ఏమి విడుచును అన్నదే ప్రశ్న. అట్లే 45170 అను సంఖ్యగల రోడమిన్-బి. ఒకప్పుడు అమెరికాలో లిప్‌స్టిక్‌లలోను వాడిరి. 1988లో అక్కడ దానిని అనుమతి జాబితానుండి తొలగించిరి. కర్ణాటక ప్రభుత్వము 2024 మార్చిలో పీచుమిఠాయి, గోబీ మంచూరియాలలో కృత్రిమ రంగులను నిషేధించినప్పుడు పత్రికలకెక్కిన రంగు ఇదియే.

“సహజము” అను మాటకు విలువ ఎంత?

పై ఎలిజరిన్ సంగతియే చూడుడు. 1869లో జర్మనీ శాస్త్రజ్ఞులు గ్రేబ్, లీబర్‌మన్ దానిని తారులోని పదార్థమునుండి చేసి చూపిరి. వేరునుండి వచ్చిన ఎలిజరిన్ అణువునకును, తారునుండి వచ్చిన దానికిని భేదము లేదు. పరమాణువులు తమ జన్మస్థలమును జ్ఞాపకముంచుకొనవు. వేరులో తోడుగా వచ్చు ఇతర పదార్థములు వేరు, తయారీలో మిగులు మలినములు వేరు, విమర్శింపదగినవి అవే.

ఒక్కొక్కప్పుడు సహజమైనదే అధిక ప్రమాదకరము. గనినుండి త్రవ్విన ఎర్రమన్నులో సీసము, ఆర్సెనిక్ కలిసియుండవచ్చును. అందుచేతనే సౌందర్య సాధనములలో కృత్రిమముగా చేసిన ఐరన్ ఆక్సైడునే వాడుదురు. మనకు ఇంకను దగ్గరి ఉదాహరణము తాంబూలము. ఆకు, వక్క, సున్నము కలిసినప్పుడు వక్కలోని ద్రవ్యములు క్షారములో ఆమ్లజనితో కలిసి ఎర్రబడును; పెదవి పండును. ఇంతకన్న సహజమైన పెదవి రంగు లేదు. ఐనను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో, పొగాకు లేకున్నను వక్క మానవులకు క్యాన్సరు కలిగించునని నిర్ణయించినది. “రసాయనములు లేనిది” అను మాట సంగతి చెప్పనే అక్కరలేదు. నీరును రసాయనమే, నేయియు రసాయనమే. ఆ మాట ముద్రించిన పొట్లములో ఏమియు ఉండరాదు.

బాదము నూనె, విటమిన్-ఇ అని పొట్లము ముందుభాగమున పెద్ద అక్షరములతో వేసినప్పుడు, వెనుక పట్టికలో అవి ఎక్కడ ఉన్నవో చూడవలెను. నూటికి ఒక వంతుకు మించిన పదార్థములను హెచ్చునుండి తగ్గునకు వరుసగా వేయవలెనని నియమము. ఒక వంతు, అంతకు తక్కువైనవానిని ఎట్లు వేసినను చెల్లును. పొగిడిన నూనె ఆ తోకలో ఉన్నచో ఆ పొగడ్త ఎంతటిదో తెలియును.

సీసమును గూర్చిన లెక్క

పెదవి రంగులో సీసము ఉన్నదో లేదో తెలిసికొనుటకు బంగారు ఉంగరముతో గీయవలెనని, నల్లని గీత పడినచో సీసమున్నట్లేనని ఒక మాట వాడుకలో ఉన్నది. ఇది తప్పు. ఖనిజపు పొడులపై రాపిడికి లోహము అరిగి నల్లని గీత పడవచ్చును. ఆ గీతకును సీసమునకును సంబంధము లేదు. పది లక్షల వంతులలో కొన్ని వంతులుగా ఉన్న సీసమును ఉంగరము కనిపెట్టలేదు; దానికి ప్రయోగశాల కావలెను.

ప్రయోగశాలలు ఏమి చెప్పినవి? అమెరికా ఆహార ఔషధ సంస్థవారు 400 లిప్‌స్టిక్‌లను పరీక్షించి 2012లో ఫలితములు ప్రకటించిరి. సగటున పది లక్షలకు 1.11 వంతులు, అత్యధికముగా 7.19 వంతుల సీసము కనబడినది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాస్త్రజ్ఞులు 32 వస్తువులను పరీక్షింపగా 24 యందు సీసము కనబడినది. వారు రోజుకు సగటు వాడకమును 24 మిల్లీగ్రాములుగాను, హెచ్చుగా వాడువారికి 87 మిల్లీగ్రాములుగాను తీసికొనిరి. విద్యార్థులు గుణించి చూడవచ్చును. 87 మిల్లీగ్రాములంతయు తినబడినదనుకొన్నను, అన్నిటిలో చెడ్డ లిప్‌స్టిక్ నుండి వచ్చు సీసము సుమారు 0.63 మైక్రోగ్రాములు. పిల్లలను కనగల వయస్సుగల స్త్రీలకు ఆహారమునుండి చేరు సీసమునకు ఆ అమెరికా సంస్థ 2022 నుండి వాడుచున్న సూచిక రోజుకు 8.8 మైక్రోగ్రాములు. కనుక “అంతయు విషమే” అనుట న్యాయము కాదు. ఐతే సీసమునకు భయములేని మోతాదు ఇంతయని తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కనుక ఉపేక్షయు న్యాయము కాదు. మన నియమములు సౌందర్య సాధనముల రంగులలో సీసము పది లక్షలకు 20 వంతులు, ఆర్సెనిక్ 2 వంతులు మించరాదని చెప్పుచున్నవి.

ఈ లెక్క అంతయు ఒక షరతుపై ఆధారపడినది. చేసినవాడెవడో, ఏమి వేసినాడో తెలిసియుండవలెను. పుష్యమాసములో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతర వంటి సందళ్లలో గాజులు, బొట్టుబిళ్లల నడుమ చీటీలేని కడ్డీలు కుప్పలుగా కనబడును. వానికి ఈ గుణకారము పనిచేయదు. గుణింపదగిన అంకెయే లేదు.

నియమములోని సందు

ఇక్కడ అసలు విమర్శ పొట్లముపై కాదు, నియమముపైననే చేయవలసియున్నది. పదార్థముల పట్టిక ముద్రింపవలెనని మన సౌందర్య సాధనముల నియమములు ఆదేశించుచున్నవి. 2020లో ప్రత్యేక నియమావళి వచ్చినప్పుడును ఆ ఆదేశము నిలిచినది. కాని దానితోపాటు ఒక మినహాయింపును నిలిచినది. ఘన, అర్ధఘన వస్తువులు 30 గ్రాములకు, ద్రవములు 60 మిల్లీలీటర్లకు లోబడి ఉన్నచో పట్టిక వేయనక్కరలేదు. ఒక లిప్‌స్టిక్ బరువెంత? మూడున్నర నుండి నాలుగున్నర గ్రాములు. మెరుపు ద్రవము పది మిల్లీలీటర్లైనను ఉండదు. అనగా తలకు రాచుకొను సీసాకు పట్టిక తప్పనిసరి. నోటిలోనికి పోవు కడ్డీకి అక్కరలేదు! చిన్న పొట్లముపై చోటు చాలదను ఉద్దేశముతో చేసిన ఏర్పాటు కావచ్చును. కాని చోటు కొలతకును ప్రమాదము కొలతకును ముడిపెట్టుట శాస్త్రసమ్మతము కాదు.

ఐరోపా దేశములలో 2009 నాటి శాసనము ఈ చిక్కును వేరు విధముగా తీర్చినది. పొట్లముపై చోటు లేనిచో, లోపల ఒక చీటీ పెట్టవలెను, లేక ఒక పట్టీ తగిలింపవలెను. అదియు వీలుకానంత చిన్న వస్తువైనచో అమ్ముచోట ప్రకటన ఉంచవలెను. పట్టిక మాత్రము మానరాదు. మన దేశములోను పలు పెద్ద తయారీదారులు నియమము అడుగకున్నను పట్టికను ముద్రించుచున్నారు. అది మెచ్చదగినదే. కాని ఖరీదైనది కొనగలవారికి మాత్రమే ఆ చదువు దక్కుచున్నది. పది రూపాయల కడ్డీ కొను పిల్లకు చదువుటకేమియు లేదు. పెదవులకు సంబంధించిన వస్తువులకైనను ఈ మినహాయింపు తొలగింపవలెను.

తరగతిలో చేయదగినది

నియమము మారువరకు ఉపాధ్యాయుడు చేయగలది కొంత ఉన్నది. విద్యార్థినులను ఖాళీ పొట్లములు తెమ్మని, నాలుగు పట్టికలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాయవలెను. నూనె, మైనము, రంగు, సువాసన, నిలువచేయునవి అని ఐదు వరుసలుగా విడదీయవలెను. ఖరీదులో పదింతలు తేడా ఉన్న రెండింటి మొదటి ఐదు పదార్థములు ఒక్కటే అగుట పలుమార్లు కనబడును. తరువాత తెల్లని అద్దుడు కాగితముపై ఒక్కొక్క కడ్డీని గీసి, ఒక చుక్క స్పిరిటు వేయవలెను. ఖనిజ వర్ణకములు, లేక్ పొడులు ఉన్నచోటనే ఉండును. కరుగు రంగులు వలయముగా ప్రాకును. ప్రాకినది విషమనియు, ప్రాకనిది అమృతమనియు అనుకొనరాదు. రంగు జాతిని గుర్తించుటకే ఈ పరీక్ష.

కొనునప్పుడు తయారుచేసినవారి పేరు, చిరునామా, అనుమతి సంఖ్య, ఎప్పటిలోగా వాడవలెనో చూడుమని చెప్పవలెను. పట్టిక ఉన్నదానిని లేనిదానికన్న మేలుగా ఎంచవలెను. ఇవి లేని కడ్డీని నోటిదగ్గరకు రానీయరాదు. పెదవి రంగు పూసికొనిన పిల్లను తరగతిలో నిలబెట్టి మందలించినందువలన ఆమెకు రసాయన శాస్త్రము రాదు. ఆమె చేతిలోని పొట్లమును తీసికొని, ఇందులో మీ పొలములోని పంట ఏది, మీ వీధిలోని రంగు ఏది అని అడిగినచో ఆమె సమాధానము వెదకును. వెదకునప్పుడు పట్టిక లేదని కనిపెట్టినచో, ఏల లేదని మనలను అడుగును. ఆ ప్రశ్నను పై అధికారులకు వ్రాసి పంపుటయు ఆ పాఠములో భాగమే.